షుగర్ క్లాసులు చెప్తానంటున్నావంటగా

ఒరేయ్ చిన్నా,

శనివారాలు హైస్కూళ్ళకెళ్ళి పిల్లలకి షుగర్ రాకుండా ఎలా ఉండాలో చెప్తావంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. భలే సంతోషమేసింది, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదురా.

తిండి సంగతి నీకు తెలిసిందే. అన్నం మానేయమనకు, వాళ్ళు మానరు, పైగా వాళ్ళమ్మలు నిన్ను తిడతారు, కాస్త తగ్గించి పప్పు, గుడ్డు, కూర ఎక్కువ వేసుకోమను. కూల్ డ్రింక్ మీద ఉపన్యాసం వద్దు, 300 మి.లీ. సీసా పక్కన గ్లాసులో ఏడు స్పూన్ల పంచదార పోసి చూపించు చాలు. రోజుకి గంట ఆట. అంతే.

ఇక నా తప్పు. నైన్త్‌కి బయాలజీ చెప్పేదాన్ని కదా, ఒకసారి ఇన్సులిన్ పాఠం చెప్తూ, రక్తంలో షుగర్‌ని అదుపులో పెట్టే ఇన్సులిన్ మాట ఒళ్ళు వినకపోతే మెడ వెనక నల్లగా మందంగా అవుద్ది అన్నా. అక్కడితో ఆగొచ్చుగా? రెండో బెంచీలో పిల్లాణ్ణి లేపి, వెనక్కి తిప్పి, వాడి మెడ చూపించా. వాళ్ళమ్మ పాపం అది మురికనుకుని రోజూ శనగపిండి రాసి పీచుతో తోమేదంట. మురికి కాదమ్మా, తోమితే పోదు, బరువు తగ్గితే తగ్గుద్ది అని ఆవిడకి విడిగా చెప్పాల్సిన మాట క్లాసందరి ముందు చెప్పా. మర్నాటి నుంచి వాడు షుగర్‌గాడు. అంతకుముందు రోజూ సాయంత్రం కబడ్డీకి వచ్చేవాడురా, లావైనా కూతకెళ్తే ఎవడూ ఆపలేకపోయేవాడు. అది మానేశాడు, కాలర్ పైకెత్తుకుని కిటికీ దగ్గర కూర్చునేవాడు. వాడికి ఏదైతే మందో దాన్నే నేను మాన్పించా. సారీ చెప్దామనుకుంటూనే ఉన్నా, టెన్త్‌కి వేరే ఊరెళ్ళిపోయాడు.

అందుకే ఎవరి బరువూ అందరి ముందు చూడకు, విన్నావా? మెడ నల్లగా కనపడితే ఇంట్లోవాళ్ళకి చెప్పి పరగడుపున టెస్టు చేయించమను, 100 దగ్గర్నుంచే జాగ్రత్త పడాలి, 126 వస్తే డాక్టర్ దగ్గరకెళ్ళాల్సిందే. ఇన్సులిన్ సూదులేసుకునే పిల్లలు కూడా ఆ క్లాసులో ఉండొచ్చు, వాళ్ళది టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులినే తయారవ్వని రకం షుగర్, స్వీట్లు తిని తెచ్చుకుంది కాదు, ఆ ముక్క మొదట్లోనే చెప్పు.

మరి నీ సంగతేంటి? మా నాన్నకి కాలి వేళ్ళు తీసేశారు, మీ నాన్నకి 38కే వచ్చింది, నువ్వేమో రాత్రి పదకొండింటికి బిర్యానీలంట. ముందు నీ టెస్టు చేయించుకుని రిపోర్టు నాకు వాట్సాప్ చెయ్యి. సంక్రాంతికి రా, అరిసెలు చేస్తా. రెండే పెడతా.

మీ అత్త