మీ చిన్నాన్నగారి విషయంలో ముందుగా చేయవలసినవి

రేణిగుంట దగ్గర తాను పనిచేసిన కర్మాగారం మూతపడి, అద్దె బకాయిపడి ఇల్లు ఖాళీ చేసిన మీ చిన్నాన్నగారు 52 ఏళ్ల వయసులో తిరుపతి రైల్వే స్టేషన్‌లో పడుకుంటున్నారని, మీ ఇంటికి రమ్మంటే రావడం లేదని రాశారు. ఆయన అభిమానాన్ని తప్పుపట్టకండి. ఇంటికి రమ్మని కాక, కాగితాల పని ఉంది రమ్మని పిలవండి. వస్తారనే నా నమ్మకం.

రాత్రి పడకకు నగరపాలక సంస్థ కార్యాలయంలో పట్టణ నిరాశ్రయుల వసతి గృహం గురించి అడగండి. అన్న క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలకు, కొండ మీద తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో ఉచితంగా భోజనం దొరుకుతుంది కనుక ఆకలికి కొంత దారి ఉంది. అంతకంటే నాకు భయం కలిగించేది, నిద్రలో సంచి పోతే దానితోపాటు ఆధార్, బ్యాంకు పుస్తకం కూడా పోవడం. అసలు పత్రాలు మీ దగ్గర దాచి, ఆయనకు నకళ్లు ఇవ్వండి. రీఛార్జి లేక ఫోన్ నంబరు రద్దయితే ఓటీపీ రాదు, భవిష్య నిధి (పీఎఫ్) సొమ్ము తీసుకోవడం కష్టమవుతుంది. అందుచేత ఆ నంబరు ఆగిపోకుండా మీరే చూడండి.

ఐదేళ్లకు పైగా పనిచేసి ఉంటే, చివరి మూలవేతనం, కరువుభత్యం లెక్కన ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ, అంటే పని ముగిసినప్పుడు యాజమాన్యం ఇవ్వవలసిన సొమ్ము, రావాలి. యాజమాన్యం చెల్లించకపోతే కార్మిక శాఖలో దరఖాస్తు చేయవచ్చు. 1987 నాటి న్యాయసేవల చట్టం పారిశ్రామిక కార్మికుడికి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఇచ్చింది కనుక, వకీలు ఖర్చుకు వెనుకాడకుండా చిత్తూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టించండి.