క్లబ్బువాళ్ళు ఎలా దింపుతారో ముందు కనుక్కోండి

బెంగళూరు దగ్గరి నందిహిల్స్, స్కందగిరి కొండలు నడిచేశాను, ఇక మౌంటెనీరింగ్ క్లబ్బుతో ఆదివారాలు రామనగర, సావనదుర్గ వైపు బండలెక్కుదామనుకుంటున్నాను, ఫిట్‌నెస్ ఎంత ఉండాలి, ఏ షూస్ కొనాలి అని మీరు అడిగారు. స్కందగిరి మరీ ఆయాసపడకుండా ఎక్కి దిగగలిగితే ఆ ఫిట్‌నెస్ చాలు. షూస్ సంగతి చివర్లో చెబుతాను. మీరు అడగని ప్రశ్న ఒకటుంది, చేరేముందు అడగాల్సింది అదే: వీళ్ళు మనిషిని కిందికి ఎలా తెస్తారు?

ఎక్కేటప్పుడు బండ కళ్ళెదురుగానే ఉంటుంది. ఎక్కడ చెయ్యి వెయ్యాలో, ఎక్కడ కాలు పెట్టాలో కనిపిస్తుంది, పైగా ఉత్సాహం. దిగేటప్పుడు కాలు పెట్టాల్సిన చోటు మన పొట్ట చాటున దాక్కుంటుంది. ఎండ, దాహం, చీకటి పడకముందే ఇల్లు చేరాలన్న తొందర, అన్నీ ఒక్కసారి మీద పడేది కూడా అప్పుడే. అభిమన్యుడి కథ మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. లోపలికి వెళ్ళే దారి మాత్రమే నేర్చుకుని బండ మీదికి వచ్చేవాళ్ళు ప్రతి ఆదివారం కనిపిస్తూనే ఉన్నారు.

బెంగళూరు చుట్టుపక్కల బండ చాలావరకు గ్రానైటే. మాగడి దగ్గరి సావనదుర్గ 1226 మీటర్ల ఎత్తున్న ఏకశిల, తుమకూరు జిల్లా మధుగిరి ఇంకో ఏకశిల. ఇక్కడ పట్టుకోవడానికి పెద్దగా ఏమీ దొరకదు, నున్నటి ఏటవాలు బండ మీద పాదం రాపిడే ఆధారం. కొత్తవాళ్ళు భయంతో చేసే మొదటి పని బండని కౌగిలించుకోవడం. ఒళ్ళు బండకి ఆనిన కొద్దీ బరువు పాదాల మీంచి తప్పుకుని పాదం జారుతుంది. నడుము బయటికి ఉంచి, మడమ కిందికి దించి, అరికాలి ముందుభాగం మొత్తం బండకి ఆనించి, బరువంతా పాదం మీదే నిలబెట్టాలి. అడుగులు చిన్నవిగా వెయ్యాలి. చేతులు తోడు కోసమే. నల్లటి నీటిచారలు కనిపించిన చోట కాలు పెట్టకండి. పొడిగా ఉన్నా అక్కడ పట్టు తక్కువ, తడిస్తే సబ్బుబిళ్ళే. అందుకే వానల్లో ఈ బండల జోలికి పోకూడదు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం.

ఏటవాలు మరీ నిటారు కానంతవరకు దిగేటప్పుడు ముఖం లోయవైపే పెట్టి, మోకాళ్ళు వంచి, అవసరమైతే కూర్చుని చేతులు వెనక ఆనించి దిగాలి. నిటారైపోయిన చోట తిరిగి బండవైపు ముఖం పెట్టి, నిచ్చెన దిగినట్టు ఒక్కో కాలూ కిందికి జార్చాలి. రెండు చేతులు, రెండు కాళ్ళలో ఎప్పుడూ మూడు బండ మీద ఉండాలి. ఒక్కటే కదలాలి. ఒకరి నెత్తిమీద ఇంకొకరు ఉండకూడదు, వరసగా కాకుండా పక్కపక్కకి జరిగి దిగాలి. పైనుంచి చిన్నరాయి కదిలినా 'స్టోన్' అని గట్టిగా అరవాలి. ఆ అరుపు విన్నవాళ్ళు తల పైకెత్తి చూడకూడదు, బండకి ఒదిగిపోవాలి.

కాళ్ళు కుట్టుమిషన్‌లా వణకడం మొదలైతే ఏం చెయ్యాలన్నది కూడా క్లబ్బులో నేర్పాలి. మడమ దించండి, వణుకు తగ్గుతుంది. మునివేళ్ళ మీద నిలబడటం వల్ల పిక్క అలిసిపోయి వచ్చే వణుకే అది. భయం దాన్ని పెంచుతుంది, అంతే. ఆ సమయంలో పైనుంచి 'ఏం కాదు, వచ్చెయ్' అని అరిచే నాయకుడికన్నా, పక్కకొచ్చి 'ఎడమకాలు ఒక జానెడు కుడివైపు, అక్కడ చిన్న గుంట ఉంది' అని చెప్పేవాడు వెయ్యి రెట్లు మేలు.

ఇక అసలు విషయం, ర్యాపెల్. నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీకి, అంటే హార్నెస్‌కి, తగిలించిన డివైస్ అనే పరికరంలోంచి తాడు జార్చుకుంటూ దిగడం. చూసేవాళ్ళకి సరదాగా ఉంటుంది. కానీ బండ మీద మన ప్రాణమంతా పరికరాల మీదే వేలాడే సమయం ఇది. ఎక్కేటప్పుడు తాడు మనం జారితేనే పనిచేస్తుంది, దిగేటప్పుడు మొదటి క్షణం నుంచీ మొత్తం బరువు దానిమీదే.

ముందు యాంకర్, అంటే పైన తాడుని బండకి కట్టి ఉంచే ఆధారం, చూడండి. బండలో దిగ్గొట్టిన రెండు బోల్టులకో, ఒక బోల్టుకీ ఒక పెద్ద గుండురాయికీ కలిపో స్లింగులు, అంటే గట్టి పట్టీ ఉచ్చులు, వేస్తారు. ఒకటి ఊడినా రెండోది పట్టుకునేలా ఉండాలి. ఆ రెండు స్లింగుల మధ్య కోణం ముఖ్యం. 60 డిగ్రీల దగ్గర ఒక్కో బోల్టు మీద సుమారు 58 శాతం బరువు పడుతుంది. 120 డిగ్రీలకు చేరితే ఒక్కోదాని మీద మొత్తం బరువు పడుతుంది, అంటే రెండు బోల్టులు పెట్టి సగం చేసుకున్నది ఏమీ లేదు. తుప్పుపట్టిన బోల్టు, చేత్తో తిప్పితే తిరిగే హ్యాంగర్ (బోల్టుకి బిగించిన లోహపు చెవి) కనిపిస్తే అక్కడ ఆగి అడగండి. అడిగితే విసుక్కునే క్లబ్బు మీకొద్దు.

తాడు అంచు మీద రాసుకునే చోట గోనెసంచి మడతపెట్టి వేస్తారు. ఆ గోనెసంచి లేకపోతే అడగండి. దిగడానికి వాడేది 10 నుంచి 11 మిల్లీమీటర్ల స్టాటిక్ తాడు, పెద్దగా సాగదు. ముందుండి ఎక్కేవాడు కట్టుకునేది డైనమిక్ తాడు, పడితే సాగి దెబ్బని మింగుతుంది. స్టాటిక్ తాడు కట్టుకుని ముందుండి ఎక్కడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. 60 మీటర్ల తాడుని మధ్యకి మడిచి దిగితే 30 మీటర్లే వస్తుంది. తాడు కొసలు నేలకి తాకాయో లేదో చూడకుండా, రెండు కొసలకీ ముడి వెయ్యకుండా దిగితే, కొస డివైస్‌లోంచి జారిపోయి మనిషి నేరుగా కిందపడతాడు. అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఇలాగే పోతారు. ముడి వెయ్యడానికి పట్టేది అర నిమిషం.

అంచు దగ్గర ఏం జరుగుతుందో చూడండి. కొత్తవాడు యాంకర్‌వైపు ముఖం పెట్టి, వీపు లోయకి పెట్టి నిలబడతాడు. హార్నెస్ బకిల్ వెనక్కి మడిచి ఉందా, డివైస్‌ని దానికి కలిపే కారాబినర్ కొక్కెం తాళం బిగిసిందా, తాడు డివైస్‌లోకి సరిగ్గా ఎక్కిందా అని నాయకుడు ఒక్కోదాన్ని వేలితో తాకి చూస్తాడు. చూపుతో చూడటం చాలదు, తాకాలి. ఇప్పుడు వెనక్కి ఒరగాలి. ఒళ్ళు ఒప్పుకోదు. నిటారుగా ఉండిపోతాడు, పై చేత్తో తాడుని బిగించి పట్టుకుంటాడు. నిటారుగా ఉంటే పాదాలు జారతాయి, ముఖం వెళ్ళి బండకి కొట్టుకుంటుంది. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, కుర్చీలో కూర్చోబోతున్నట్టు నడుము వెనక్కి వాల్చి, కాళ్ళు బండకి అడ్డంగా నిలిచేదాకా ఒరగాలి. పై చెయ్యి ఊరికే తోడు. కింది చెయ్యి తుంటి పక్కన, అదే బ్రేకు. అది ఎట్టి పరిస్థితుల్లోనూ తాడుని వదలకూడదు. మొదటి రెండడుగులు దాటితే మిగతా 20 మీటర్లు నడకే.

ఆ ఒక్క చేతినే నమ్ముకోకూడదు. డివైస్ కింద 6 మిల్లీమీటర్ల త్రాడుతో ప్రూసిక్ అనే ముడి తాడు చుట్టూ చుట్టి హార్నెస్‌కి కలపాలి. చెయ్యి వదిలేసినా అది బిగుసుకుంటుంది. కొత్తవాళ్ళకి ఇంకో తాడు పైనుంచి వేరుగా కట్టి పట్టుకోవాలి. కింద నిలబడ్డవాడు తాడు కొస రెండు చేతులా పట్టుకుంటే, పైవాడు జారినప్పుడు గట్టిగా కిందికి లాగడంతో డివైస్ బిగిసి ఆగిపోతుంది. ఈ మూడింట్లో కనీసం ఒకటి లేకుండా కొత్తవాళ్ళని దింపే చోటికి వెళ్ళకండి.

జుట్టు, చున్నీ, వదులు టీషర్టు అంచు డివైస్‌లోకి పోవడం చాలాసార్లు జరుగుతుంది. అప్పుడు మనిషి గాల్లోనే ఆగిపోతాడు. కంగారుపడి కత్తి తియ్యకండి. బరువుతో బిగిసిన తాడుకి కత్తి ఆనితే చాలు, తెగుతుంది. డివైస్ పైన తాడుకి ప్రూసిక్ వేసి, దానికి 120 సెంటీమీటర్ల స్లింగుతో ఉచ్చు కట్టి, అందులో కాలుపెట్టి నిలబడితే డివైస్ మీద బరువు తగ్గుతుంది. చిక్కుకున్న బట్ట బయటికి వస్తుంది. జుట్టు ముందే బిగించి జడేసుకుని, టీషర్టు ప్యాంటులో దోపుకుంటే ఇదేమీ రాదు. హార్నెస్‌లో కదలకుండా ఎక్కువసేపు వేలాడటం కూడా మంచిది కాదు, కాళ్ళలో రక్తం నిలిచిపోతుంది. అందుకే ఆగిపోయినవాణ్ణి ముందు దింపాలి, ఫోటోలు తర్వాత.

బెంగళూరులో తెలుగువాళ్ళం ఎక్కువమంది ఉన్న గుంపుల్లో ఇంకో తంటా ఉంది. తాడు కొంచెం సడలించమని చెప్పాలనుకుని 'వదులు, వదులు' అని అరుస్తాం. పట్టుకున్నవాడికి అది తాడు వదిలెయ్యమన్నట్టు వినిపిస్తుంది. 'తీసుకో' అన్నా అంతే. తాడు లాగి బిగించమన్నట్టూ అనుకోవచ్చు, ఇంకాస్త తాడు ఇస్తున్నాం పుచ్చుకో అన్నట్టూ అనుకోవచ్చు. పైన గాలి, కింద ఇద్దరు ముగ్గురి మాటలు, సగం మాటే చేరుతుంది. అందుకే 'స్లాక్' (సడలించు), 'టేక్' (లాగి బిగించు), 'లోయర్' (కిందికి దించు), 'ఆఫ్ బిలే' (బిలే అంటే ఎక్కేవాణ్ణి తాడుతో కాచుకోవడం, అది ఇక చాలు) ఈ నాలుగే వాడాలి, ప్రతిదానికీ ముందు పేరు పిలవాలి. పైకి చేరాక అక్కడే ఉండిపోతావా, తాడు మీద దింపించుకుంటావా అన్నది నేలమీదే తేల్చుకోవాలి. ఎక్కినవాడు దింపుతారనుకుంటాడు, కింద ఉన్నవాడు పని అయిపోయిందని తాడు తీసేస్తాడు. ఇలాంటి చోటే మనుషులు పడిపోతున్నారు. కన్నడ నాయకుడు 'నిధాన' అన్నా మనకి అర్థమవుతుంది, ఆ ఒక్క మాటతో ఇబ్బంది లేదు.

గుంపు సైజు అడగండి. ఒక మనిషి కట్టుకుని, అంచు దాటి, దిగి, విప్పుకోవడానికి 8 నిమిషాలు వేసుకోండి. 40 మందిని రెండు తాళ్ళ మీద దింపాలంటే ఒక్కో తాడు మీద 20 మంది, 160 నిమిషాలు. ఏడున్నరకి మొదలుపెట్టినా పది దాటుతుంది, అదీ ఒక్కసారి దిగడానికే. ఈలోగా బండ పెనంలా కాలుతుంది, నాయకుడు తొందరపడతాడు, వేలితో తాకి చూడటం మానేస్తాడు. అయిదారుగురు కొత్తవాళ్ళకి నేర్పేవాడొకడు ఉంటేనే వెళ్ళండి. వారాంతపు ట్రెక్ అంటూ బస్సు నిండా మనుషుల్ని కుక్కి, చివరికి ఒక్కొక్కరికీ ఒక్కసారి తాడు మీద వేలాడే ఫోటో ఇచ్చి పంపేవాళ్ళని చూస్తే కడుపు రగిలిపోతుంది. వాళ్ళ దగ్గర బిలే పట్టడం నేర్పరు. మంచి క్లబ్బులో రెండో ఆదివారానికే మీ చేతికి తాడు ఇస్తారు, మీ చెయ్యి మీద ఇంకో చెయ్యి ఉంచి.

తేనెటీగల్ని తేలిగ్గా తీసుకోకండి. పొడుచుకొచ్చిన బండల అడుగున నల్లగా అర్ధచంద్రాకారంలో వేలాడేది పెద్ద తేనెటీగల పట్టు. సెంటు, డియోడరెంటు, సిగరెట్టు పొగ, డ్రోన్, కేకలు, వీటిలో ఏదైనా చాలు వాటిని లేపడానికి. లేస్తే ముఖం కప్పుకుని దూరంగా పోవాలి, చేతులు ఊపకూడదు. తాడు మీద ఉన్నవాళ్ళని వెంటనే దింపెయ్యాలి. రామదేవర బెట్ట 2012 నుంచి రాబందుల అభయారణ్యం, అక్కడ ఇష్టమొచ్చిన బండ ఎక్కుదామంటే కుదరదు. సావనదుర్గ చుట్టూ అడవిలో ఎలుగుబంట్లు ఉంటాయి. అటవీశాఖ అనుమతి కాగితం చూపించమని క్లబ్బుని అడగడంలో తప్పేమీ లేదు. ఏప్రిల్, మేలలో మధ్యాహ్నం ఉరుములొస్తాయి, బోడిబండ మీద మనిషే అన్నిటికన్నా ఎత్తు. పదకొండు దాటకుండా కింద ఉండాలి. మూడు లీటర్ల నీళ్ళు, అంబులెన్సుకి 108, ఇవి గుర్తుంచుకోవాలి.

మనవాళ్ళలో క్లబ్బు మాటెత్తగానే ఎవరెస్ట్ ఎప్పుడు అని అడిగేవాళ్ళు చాలామంది. మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు, పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. వాళ్ళ మొదటి పాఠాలు హైదరాబాద్‌కు 50 కిలోమీటర్ల దూరంలోని భువనగిరి ఏకశిల మీదే. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలు 172 రోజుల్లో ఎక్కారు. ఆ దారి పట్టాలంటే డార్జిలింగ్, ఉత్తరకాశీ పర్వతారోహణ సంస్థల్లో బేసిక్ కోర్సు చెయ్యాలి, నాలుగు వారాలు పడుతుంది. అక్కడికి ముడులు, బిలే, ర్యాపెల్ చేతికి అలవాటై వెళ్ళినవాళ్ళకి మంచు మీద పాఠాలు తొందరగా పడతాయి.

షూస్ గురించి. ఇప్పుడే క్లైంబింగ్ షూస్ కొనకండి, క్లబ్బువి వాడండి. మీ ట్రెక్కింగ్ బూట్లకి లోతైన గాళ్ళున్న గట్టి అడుగు ఉంటే ఏటవాలు బండ మీద అవి పనికిరావు, ఆనే చోటు తక్కువ. చదునుగా, మెత్తటి రబ్బరు అడుగున్న మామూలు క్యాన్వాస్ బూట్లు నయం. డబ్బు పెట్టదలిస్తే ముందు పర్వతారోహణ హెల్మెట్ కొనండి, లోపల పర్వతారోహణ హెల్మెట్ల ప్రమాణం ఈఎన్ 12492 అని రాసి ఉండాలి. బైకు హెల్మెట్, సైకిలు హెల్మెట్ పైనుంచి పడే రాయి కోసం చేసినవి కావు. రెండోది 6 మిల్లీమీటర్ల త్రాడు, ఒక మీటరున్నర. ఇంట్లో కుర్చీ కాలికి మామూలు తాడు కట్టి, దానిమీద ప్రూసిక్ చుట్టడం కళ్ళు మూసుకుని వచ్చేదాకా చెయ్యండి.