ఇంట్లోనే పాతకాలపు సైలర్ డ్రెస్ కుట్టుకోవడం: గోదారి జిల్లాల ఉక్కకి తగ్గట్టు

కాకినాడ నుంచి మీరు అడిగింది చదివాను. వెనక చదరంగా వేలాడే కాలరు, దాని మీద తెల్ల గీతలు, ముందు స్కార్ఫు ముడి ఉండే, నావికుల యూనిఫాం తీరులో కుట్టే 1920, 30ల నాటి సైలర్ డ్రెస్సు మీకూ, మీ ఎనిమిదేళ్ల పాపకీ కుట్టాలనుకుంటున్నారు. ఇంట్లో ఉన్నది మామూలు కాళ్ల మిషను. టైలరేమో ఆ కాలరు కుదరదన్నాడు. పైగా ఈ ఉక్కలో అలాంటి బట్టలు వేసుకోగలమా అని మీ టెన్షన్. తప్పకుండా కుదురుతుందండి. నేను పాలకొల్లులో ఉంటాను. పాత ఫ్యాషన్ బట్టలంటే ప్రాణం, చాలా ఏళ్లుగా ఇంట్లోనే కుట్టుకుంటున్నాను. అందులో ఎక్కువ కుట్టింది సైలర్ కాలర్లే. మీ కాళ్ల మిషను గురించి అసలు బెంగ వద్దు. ఆ కాలపు ఇంటి కుట్టు అంతా దాదాపు తిన్నని కుట్టు ఒక్కటే వేసే మిషన్ల మీదే నడిచింది.

ఒకటి ముందే చెప్తాను. ఈ డ్రెస్సు అందం గుడ్డ బరువులో లేదు. కాలరు కత్తిరింపులో, గీతలు తిన్నగా పడటంలో ఉంది. ఇంగ్లండు, అమెరికా చలికి వాళ్లు సర్జి అనే దళసరి ఉన్ని గుడ్డ వాడారు. దాన్ని చూసి మందపాటి పాలిస్టర్ కొంటే మన దగ్గర పది నిమిషాలు కూడా వేసుకోలేం. పైన వేసుకునే జాకెట్టుకి నేత నూలు గుడ్డ గానీ, మంచి పాప్లిన్ గానీ తీసుకోండి. స్కర్టుకో ప్యాంటుకో అయితే కాటన్ డ్రిల్ అనే దళసరి నూలు గుడ్డ. టూ బై టూ రూబియా మాత్రం వద్దు. కాలరు నిలవదు, గీతల దగ్గర ముడుచుకుపోతుంది. నాకు బాగా కుదిరింది పాత ముదురు నీలం నేత చీర. బండారులంక వైపు నేసే సాదా నూలు చీరలాంటిది ఇంట్లో ఒకటి ఉంటే, ఐదున్నర మీటర్లలో మీ జాకెట్టూ, పాప గౌనూ రెండూ వస్తాయి. కొత్త గుడ్డ కొంటే, 44 అంగుళాల పన్నా అయితే మీకు రెండు మీటర్లు సరిపోతుంది, 36 అయితే రెండున్నర కొనండి. నేత గుడ్డ అంచులు పోగులు ఊడతాయి కాబట్టి పక్క కుట్లు ముందు పైవైపు నుంచి వేసి, కత్తిరించి, తిరగేసి మళ్లీ వేయండి. పోగులు లోపలే ఉండిపోతాయి, ఓవర్‌లాక్ షాపు వెంట తిరగక్కర్లేదు.

ఇక రంగు దిగడం. నీలం మీద తెలుపు వేసే బట్టకి అసలైన గండం ఇదే. అంత కష్టపడి కుట్టిన తెల్ల గీతలు మొదటి ఉతుకులో లేత నీలంగా మారితే ఎంత బాధగా ఉంటుందో చెప్పలేను. కత్తిరించకముందే తడిపిన తెల్ల గుడ్డతో నీలం గుడ్డని గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే చల్లటి నీళ్లలో నానబెట్టి, ఉతికి, నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ జాడించండి. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని అందరం వింటూనే పెరిగాం. అద్దకం వేసేటప్పుడు ఉప్పు పని చేస్తుంది గానీ, ఒకసారి అద్దేసిన గుడ్డలో మిగిలిపోయిన రంగుని అది పట్టి ఉంచదు. మిగులు రంగు బయటికి పోవాల్సిందే. ఎంత ఉతికినా దిగుతూనే ఉంటే ఆ గుడ్డని ఈ పనికి వాడకండి. గీతలకి కుట్టే తెల్ల నాడా కూడా వేడినీళ్లలో ముంచి ఆరబెట్టాకే వాడండి. లేకపోతే అది తర్వాత కుంచించుకుపోయి కాలరుని లాగేస్తుంది.

టైలరు కుదరదన్నది కాలరే కదా, దాన్ని వివరంగా చెప్తాను. మీ ఒంటికి వదులుగా ఉండే కుర్తీ కొలతలతో ముందు భాగం, వెనక భాగం పాత న్యూస్‌పేపరు మీద గీసుకోండి. ముందు మెడ వి ఆకారంలో, మెడ గుంట నుంచి ఐదారు అంగుళాలు కిందికి దించండి. ఇప్పుడు ఆ రెండు కాగితాలూ షోల్డర్ దగ్గర కలిపి నేల మీద పరవండి. మెడ వైపు కొసలు కచ్చితంగా కలవాలి. చేతి వైపు కొసలు మాత్రం ఒకదాని మీద ఒకటి అర అంగుళం ఎక్కాలి. కిటుకంతా ఆ అర అంగుళంలోనే ఉంది. అసలు ఎక్కించకపోతే కాలరు బల్లపరుపుగా పడిపోయి మెడ కుట్టు బయటికి కనిపిస్తుంది. మరీ ఎక్కువ ఎక్కిస్తే బయటి అంచు పొట్టిదై, మెడ దగ్గర లేచి నిలబడుతుంది. అర అంగుళం ఎక్కిస్తే మెడ చుట్టూ కొద్దిగా ఒంగి, వీపు మీద హాయిగా వాలుతుంది.

అలా పరిచిన కాగితాల మీద ఇంకో కాగితం వేసి మెడ గీతని ఉన్నదున్నట్టు దించుకోండి. వెనక మధ్యలో మెడ నుంచి కిందికి మీకు ఏడెనిమిది అంగుళాలు, పాపకి ఐదు. పక్కలకి భుజం చివరికి కాస్త ఇవతలే ఆపండి. అక్కడి నుంచి ముందుకి సన్నబడుతూ వచ్చి వి కొసలో కలవాలి. దీన్ని ముందు ఏదైనా పాత దుప్పటి ముక్కతో కత్తిరించి, పిన్నులు పెట్టి, అద్దంలో వీపు చూసుకోండి. మీ ఒంటికి నప్పే పొడుగు కాగితం మీద తెలీదు. పొట్టిగా ఉండేవాళ్లకి ఎనిమిది అంగుళాలు ఎక్కువే అవుతుంది.

కాలరుకి రెండు పొరలు. కింది పొరని చుట్టూ అంగుళంలో ఎనిమిదో వంతు చిన్నదిగా కత్తిరించండి, అప్పుడు కుట్టు లోపలికి తిరిగి పైకి కనబడదు. కాలరు బిగువుగా నిలవడానికి మధ్యలో పేస్టింగ్ (ఇస్త్రీతో అతికించే పొర) వేయమని కొందరు చెప్తారు. నేను వేయను, మిమ్మల్నీ వేయొద్దనే అంటాను. మన చెమటకీ, తరచూ ఉతికే ఉతుకుకీ అది బుడగలు కడుతుంది, వీపు మీద గాలాడదు. కింది పొరకి కాస్త దళసరి పాప్లిన్ వేస్తే చాలు.

గీతలు పై పొర మీద, రెండు పొరలూ కలపకముందే వేయాలి. పావు అంగుళం వెడల్పున్న తెల్ల నూలు నాడా తీసుకోండి. శాటిన్ రిబ్బన్ జారుతుంది, ముడతలు పడుతుంది, మెరుపు వల్ల పాతకాలపు తీరు కూడా పోతుంది. మూడు వరసలకి కాలరుకి సుమారు నాలుగు మీటర్లు, చేతి పట్టీలకి కూడా వేస్తే మొత్తం ఆరు మీటర్లు కొనుక్కోండి. బయటి కుట్టు గీత నుంచి ముప్పావు అంగుళం లోపలికి మొదటి వరస సుద్దతో గీసుకోండి. వరసకీ వరసకీ మధ్య నాడా వెడల్పంత ఖాళీ. ముందు నాడా బయటి అంచునే కుట్టుకుంటూ రండి. మూల రాగానే సూది గుడ్డలో దించి ఉంచి, పాదం ఎత్తి, తిప్పి, సాగిపోండి. లోపలి వైపు మిగిలిన నాడా తనంతట తానే ఒక చిన్న మడత అవుతుంది. దాన్ని ఏటవాలుగా సర్ది ఇస్త్రీ చేసి, అప్పుడు లోపలి అంచు కుట్టండి. రెండు అంచులూ ఒకే దిక్కులో కుట్టడం ముఖ్యం. ఒకటి అటు నుంచి, ఒకటి ఇటు నుంచి కుడితే నాడా తాడులా మెలి తిరుగుతుంది. మూలలు పదునుగా వచ్చాయంటే సగం పని అయిపోయినట్టే. అక్కడ మాత్రం తొందరపడొద్దండి.

ఆ మూడు గీతలూ బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ గెలిచిన మూడు యుద్ధాలకి గుర్తు అని చాలాచోట్ల కనబడుతుంది. అది కథే. బ్రిటిష్ నౌకాదళం మామూలు నావికులకి ఒకే యూనిఫాం పెట్టింది 1857లో, నెల్సన్ పోయిన అర్ధశతాబ్దానికి. నల్ల స్కార్ఫు ఆయన చావుకి సంతాపం అనేదీ అంతే, నావికులు అంతకుముందు నుంచే కట్టేవారు. పిల్లలకి ఈ డ్రెస్సు ఫ్యాషనైంది మాత్రం 1846 తర్వాత. విక్టోరియా రాణి నాలుగేళ్ల కొడుక్కి రాజ కుటుంబపు ఓడ మీద చిన్న నావికుడి డ్రెస్సు వేశారు, వింటర్‌హాల్టర్ అనే చిత్రకారుడు దాన్ని బొమ్మగా గీశాడు. 1920ల నుంచి జపాన్ ఆడపిల్లల స్కూలు యూనిఫాం కూడా ఇదే అయింది. కాబట్టి మీరు రెండు గీతలే వేసినా, నీలం మీద ఎరుపు వేసినా ఎవరూ తప్పనరు. నా కంటికి మాత్రం మూడే నిండుగా ఉంటాయి.

కాలరు కలిపేటప్పుడు రెండు పొరల మంచివైపులూ ఎదురెదురుగా పెట్టి బయటి అంచు కుట్టండి, మూలల్లో గుడ్డ ఏటవాలుగా తీసేసి తిరగేయండి. మొద్దుగా ఉన్న అల్లిక సూదితో మూలని బయటికి నెట్టండి, కత్తెర మొనతో వద్దు. మెడకి తగిలించాక పైన క్రాస్ పట్టీ (ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ పట్టీ) వేసి, లోపలికి మడిచి చేత్తో హెమ్మింగ్ చేసేయండి.

వి మెడ లోతుగా ఉంటుంది కాబట్టి లోపల ఒక తెల్ల ముక్క కావాలి. దాన్ని విడిగా కుట్టి టిచ్ బటన్లతో తగిలిస్తే, విడిగా ఉతుక్కోవచ్చు. ఈ ముక్క మీద నాకు చాలా మక్కువ. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు కుర్చీలేసుకుని చేత్తో అల్లే క్రోషే లేసు ఉంది చూశారా, అందులో సన్నటి తెల్ల పట్టీ ఒకటి ఈ ముక్క పైఅంచున వేయండి. తెలుపు మీద తెలుపు, అరచెయ్యంత మేర. పాప డ్రెస్సుకి అంతకు మించిన అలంకారం వద్దు. మగ్గం వర్కు, జరీ, పూసలు ఈ బట్ట మీద పెట్టడం నాకు ఇష్టం ఉండదు, ఇది కష్టం చేసే మనుషుల బట్ట. లంగరు బొమ్మ కావాలంటే చేతి మీద ఒక్కటి, గొలుసుకుట్టుతో చాలు. నరసాపురం, కోరంగి, తాళ్లరేవు ఒకప్పుడు ఓడలు కట్టిన ఊళ్లు. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరుతో మెత్తటి నూలు గుడ్డ సముద్రాలు దాటి అమ్ముడుపోయేది. ఈ నేల నూలుతో, ఈ నేల లేసుతో నావికుల డ్రెస్సు కుట్టడం నాకెంతో సంతోషాన్నిచ్చే పని.

స్కార్ఫుకి ముప్పై అంగుళాల చదరపు మల్‌మల్ గుడ్డ, మూలకి మడిచి కాలరు కింద నుంచి తీసి ముందు ముడి. ఎరుపైతే పిల్లలకి భలే ఉంటుంది.

మీరు ప్యాంటు గురించీ అడిగారు. 1930ల తీరు కావాలంటే నడుము బొడ్డు పైకి, తుంటి నుంచి కింది దాకా తిన్నగా వెడల్పు. మోకాలు నుంచి మాత్రమే విచ్చుకునేది నావికుల బెల్ బాటమ్. ముందు బొత్తాముల పలక ఉండే రకంలో కాజాలు చాలా కావాలి. తిన్నని కుట్టు మిషను మీద అది కష్టం కనుక ఎడమ పక్కన జిప్పు వేసి, ముందు బొత్తాములు అలంకారానికి కుట్టేయండి, లేదా బజార్లో కాజాలు వేసే షాపులో ఇచ్చేయండి. అమెరికా నావికుల ప్యాంటుకి ఉన్న 13 బొత్తాములు ఆ దేశపు తొలి 13 వలస రాజ్యాలకి గుర్తు అన్నదీ తర్వాత పుట్టిన కథే, లెక్క పట్టించుకోకండి. ఇనుప బొత్తాములు మాత్రం వద్దు. ఉప్పుగాలికి తుప్పు పట్టి గుడ్డ మీద మరక వదులుతాయి. ప్లాస్టిక్ గానీ, కొబ్బరి చిప్పతో చేసినవి గానీ వేయండి. డ్రిల్లుకి 16 నంబరు సూది, పాప్లిన్‌కి 14.

చారల బనియను రకం కూడా కావాలంటే, దానికి పుట్టిల్లు ఫ్రెంచి నౌకాదళం, 1954 దాకా మన పక్కన యానాంని ఏలింది కూడా ఆ ఫ్రెంచివాళ్లే. 1858లో వాళ్లు పెట్టిన కొలత ప్రకారం తెల్ల చార 20 మిల్లీమీటర్లు, నీలం చార 10. అల్లిక గుడ్డ సాగుతుంది, తిన్నని కుట్టు పుటుక్కున తెగుతుంది. జిగ్‌జాగ్ లేని మిషనుకి అది పని కాదు, చారల టీషర్టు కొనుక్కోవడమే మేలు.

కాలరుకి పలచటి గంజి పెడితే చక్కగా నిలుస్తుంది. వానాకాలంలో మాత్రం గంజి వదిలించి దాచండి. లేకపోతే బూజు పడుతుంది, వెండి పురుగులు కొరుకుతాయి. ఆరేసేటప్పుడు తిరగేసి నీడలో వేయండి, ముదురు నీలం ఎండకి త్వరగా వెలిసిపోతుంది.

పాప స్కర్టు అంచు మూడు అంగుళాలు లోపలికి మడిచి ఉంచండి. వచ్చే ఏడాది దించితే పాత మడత గీత వెలిసి కనబడుతుంది. సరిగ్గా ఆ గీత మీద ఒక వరస తెల్ల నాడా కుట్టేస్తే, మొదటి నుంచీ అలాగే కుట్టినట్టు ఉంటుంది. అందుకే కాలరుకి నాడా కొనేటప్పుడే అదే కట్టలోంచి ఇంకో మూడు మీటర్లు తీసి పెట్టుకోండి, తర్వాత వెళ్తే అదే తెలుపు దొరకదు.