ఉప్పు తగ్గించినా దొండకాయ వేపుడు చప్పబడకుండా

అక్కా, మామయ్యగారి బీపీ కోసం ఉప్పు తగ్గిస్తే దొండకాయ వేపుడు చప్పగా ఉంటోందని, కారం పెంచితే గొంతు మండుతోందని అన్నారు కదా. ఉప్పు లోటు కారంతో తీరదు, పులుపు కావాలి.

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో నేను చేసేది చెప్తాను. అర కిలో ముక్కలు ఇనప మూకుట్లో మూత పెట్టకుండా, అంచులు ఎర్రబడేదాకా వేయించండి. చెంచా ఆవాలు, రెండు ఎండుమిర్చి, చిన్న ఆంబుల (ఎండబెట్టిన పుల్ల మామిడికాయ) ముక్క నానబెట్టి నూరండి. కూర వేరే గిన్నెలోకి తీశాకే ఈ ముద్ద కలపాలి. మంట మీద వేస్తే ఆవ చేదెక్కుతుంది, నాకు రెండుసార్లు అదే అయింది. కొనే ఆంబులకు ఉప్పు పట్టించి ఉంటుంది, కడిగి వాడండి. ఉప్పు చివర్లో పావు చెంచా పైన చల్లితే నాలుకకు వెంటనే తగులుతుంది. పక్కన అప్పడం పెట్టారా, ఇదంతా దండగే!

లో సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్ని అడక్కుండా కొనకండి.