పాపకి నేనేమవుతాను?

ప్రశ్న: మేమిద్దరం ఆడవాళ్లం. ఎనిమిదేళ్లుగా మధురవాడలో ఒకే ఇంట్లో కలిసి బతుకుతున్నాం. నాది ప్రైవేటు ఉద్యోగం, తను టీచరు. 2021లో తను ఒంటరి మహిళగా కారా (కేంద్ర దత్తత సంస్థ) ద్వారా పాపను దత్తత తీసుకుంది. కోర్టు ఉత్తర్వు తన పేరు మీదే ఉంది. పాపకి ఇప్పుడు ఐదేళ్లు. తనని అమ్మ అని, నన్ను మమ్మీ అని పిలుస్తుంది. మొన్న తను ఊళ్లో లేనప్పుడు రాత్రి పాపకి జ్వరం ఎక్కువైతే ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఫారం మీద సంతకం పెట్టబోతుంటే ‘మీరు పాపకి ఏమవుతారు?’ అని అడిగారు. పిన్నినని అబద్ధం చెప్పాను. ఇప్పుడు తన అన్నయ్య ‘ఇలాంటి ఇంట్లో పెరిగితే ఆడపిల్ల పాడైపోతుంది, కోర్టుకెళ్లి తెచ్చేసుకుంటా’ అంటున్నాడు. నిజంగా తీసుకెళ్లగలడా? తనకేమైనా అయితే పాప ఎవరి దగ్గర ఉంటుంది? మాకు పెళ్లి చేసుకునే వీలు లేదు కదా, వేరే దారి ఏమైనా ఉందా?
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: ముందు టెన్షన్ తగ్గే మాట చెబుతాను. ఆయన పాపను తీసుకెళ్లలేడు. దత్తత ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి పాప అన్ని విధాలా మీ స్నేహితురాలి కూతురే. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 63వ సెక్షన్ ఆ మాటే చెబుతోంది. తల్లి బతికి ఉండగా, ఆమె పిల్లను చూసుకోవడానికి తగనిదని రుజువైతే తప్ప కోర్టు ఇంకొకరిని గార్డియన్‌గా పెట్టదు. మన ఇళ్లలో మేనమామకి మర్యాద ఎక్కువ. చెవులు కుట్టించేటప్పుడు పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకునేది ఆయనే. అయితే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో ఆయనకి ప్రత్యేకంగా పీట వేయలేదు.

ఇద్దరు ఆడవాళ్లు కలిసి బతకడమే తల్లి తగనిదనడానికి రుజువని ఆయన లాయరు వాదించవచ్చు. ఆ వాదన నిలవడం కష్టం. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ విషయంలో 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక మీ బంధం నేరం కాదు. 2022లో దీపికా సింగ్ కేసులో, అమ్మా నాన్నా పిల్లలూ అనే ఒక్క అచ్చులో ఇమడని కుటుంబాలకీ చట్టం రక్షణ ఉండాలని అదే కోర్టు అంది. అలాంటి కుటుంబాల్లో స్వలింగ జంటలవి కూడా ఉన్నాయని విడిగా చెప్పింది. 2024 డిసెంబరులో మన హైకోర్టు ముందుకి, తండ్రి ఇంట్లో నిర్బంధించిన ఒక అమ్మాయి కేసు వచ్చింది. మేజరైన ఆమె తనకి నచ్చిన స్నేహితురాలితో ఉండవచ్చని, తల్లిదండ్రులు అడ్డుపడకూడదని కోర్టు చెప్పింది.

ఆయన కోర్టుకి వెళ్లకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి ఫిర్యాదు చేసే అవకాశం కూడా ఉంది. అధికారులు ఇంటికి వస్తే గొడవ పడకండి. దత్తత ఉత్తర్వు, టీకాల కార్డు, స్కూలు రిపోర్టులు ముందు పెట్టండి. బాలల సంక్షేమ సమితి చూసేది ఆలనాపాలనా లేని పిల్లల సంగతి. కడుపునిండా తిని రోజూ స్కూలుకెళ్లే పిల్ల జోలికి వాళ్లు రావలసిన పని లేదు.

ఇక చేదు మాట. చట్టం లెక్కలో మీరు పాపకి ఎవరూ కారు. ఎనిమిదేళ్ల కాపురమూ, పాప పిలిచే పిలుపూ దీన్ని మార్చవు. జంటగా దత్తత తీసుకోవాలంటే కనీసం రెండేళ్లు నిలకడగా సాగిన వివాహం ఉండాలని కారా నిబంధన 5(3) అంటోంది. 2023 అక్టోబరు 17న స్వలింగ వివాహానికి గుర్తింపు కోరిన సుప్రియో కేసులో అయిదుగురు సుప్రీంకోర్టు జడ్జీల ధర్మాసనం ముందు ఈ నిబంధన కూడా పరీక్షకి వచ్చింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని అయిదుగురూ ఒక్కమాట మీద ఉన్నారు. దత్తత దగ్గర మాత్రం రెండుగా చీలారు. ఈ నిబంధన చెల్లదని అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ అన్నారు. మిగతా ముగ్గురూ ఒప్పుకోకపోవడంతో నిబంధన నిలిచింది. రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో కొట్టేశారు. హిందూ దత్తత చట్టం వైపు చూద్దామన్నా, ఒకే బిడ్డను ఇద్దరు ఒకేసారి దత్తత తీసుకోకూడదని అది చెబుతోంది. కాబట్టి ఇవాళ్టికి ఇద్దరి పేర్లూ తల్లులుగా ఎక్కే దారి లేదు. ‘నేను చేయిస్తాను’ అని ఎవరైనా ఫీజు అడిగితే నమ్మకండి.

అన్నయ్యగారి ‘పిల్ల పాడైపోతుంది’ అన్న మాటకి వద్దాం. ఇది ఆయన ఒక్కడి మాట కాదు. సుప్రియో కేసులో జాతీయ బాలల హక్కుల కమిషన్ దాదాపు ఇలాగే వాదించింది. అదే కోర్టులో ఢిల్లీ బాలల హక్కుల కమిషన్ దానికి ఎదురు నిలబడింది. పిల్లల పేరు మీదే పెట్టిన రెండు ప్రభుత్వ సంస్థలు చెరో వైపు వాదించుకోవడం నాకైతే విడ్డూరంగానే అనిపించింది. డాక్టర్లేమంటారని అడిగితే, భారతీయ మనోవైద్యుల సంఘం 2023లో చెప్పిన మాట ఉంది. ఇలాంటి వాళ్లు పెళ్లికి గానీ పిల్లల పెంపకానికి గానీ పనికిరారనడానికి ఆధారం లేదంది. అక్కడితో ఆగలేదు. ఈ ఇళ్లలో పెరిగే పిల్లలకి బయట వెక్కిరింపులు, వివక్ష ఎదురుకావచ్చు కాబట్టి తల్లిదండ్రులు, బడి, సమాజం జాగ్రత్తగా ఉండాలని కూడా అంది. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2013లోనే ఇంచుమించు ఇదే చెప్పింది. పెంచేవాళ్లు ఆడా మగా అన్నదానికంటే వాళ్లకీ పిల్లకీ మధ్య అనుబంధం, ఇంటికి ఉన్న ఆసరా పిల్ల మీద ఎక్కువ ప్రభావం చూపిస్తాయని వాళ్ల మాట.

ఎదుటి పక్షం చూపించే అధ్యయనాలు కూడా ఉన్నాయి. అన్నింటికన్నా ఎక్కువ వినిపించేది 2012లో రెగ్నెరస్ అనే అమెరికా సోషియాలజిస్టుది. అందులో చిక్కేమిటంటే, ఆయన లెక్కలోకి తీసుకున్న పిల్లల్లో చాలామంది ఆడా మగా చేసుకున్న పెళ్లి విచ్ఛిన్నమైన ఇళ్లవాళ్లు. ఇద్దరు ఆడవాళ్ల దగ్గర మొదటి నుంచీ పెరిగినవాళ్లు అతి కొద్దిమంది. విడాకుల దెబ్బని ఇంకోదాని ఖాతాలో రాసినట్టయింది. రెండో వైపు తొలినాళ్ల అధ్యయనాల్లోనూ లోపం లేకపోలేదు, చాలావాటిలో పిల్లల సంఖ్య చాలా తక్కువ. ఇదంతా మీకు చెప్పడానికి కారణం ఉంది. కోర్టులో అన్నయ్యగారు అధ్యయనాల కట్ట తీస్తే మీరు ఇంకో కట్ట తీయనక్కర్లేదు. జడ్జిగారు చూసేది మధురవాడలో ఉన్న ఈ ఒక్క పాప క్షేమాన్నే. మీ దగ్గర ఉండవలసింది ఆ పాప తాలూకు కాగితాలు.

మీది కొత్త కష్టమేమీ కాదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఏప్రిల్ డిబోర్, జేన్ రౌస్ అని ఇద్దరు నర్సులు ఉండేవారు. అక్కడి చట్టం పెళ్లయిన జంటకో, ఒంటరి మనిషికో మాత్రమే దత్తత ఇచ్చేది. దాంతో ఒక్కో బిడ్డ ఒక్కొక్కరి పేరు మీద ఉండిపోయింది. ఒకరు పోతే రెండో ఆవిడకి ఆ బిడ్డ మీద హక్కు ఉండదు. ఆ భయంతో మొదలైన కేసు 2015లో అమెరికా అంతటా స్వలింగ వివాహాన్ని చట్టబద్ధం చేసిన తీర్పులో కలిసింది. పెళ్లికి గుర్తింపు ఇవ్వకపోవడం పిల్లలకి మేలు అనేవాళ్లు, ఆ గుర్తింపు లేక దెబ్బ తినేది ఎవరో ఒకసారి చూడాలని నా అభిప్రాయం. సుప్రియోలో నిబంధనను నిలబెట్టిన జస్టిస్ భట్ కూడా, పెళ్లి కానివాళ్లు, స్వలింగ జంటలు మంచి తల్లిదండ్రులు కాలేరని దీని అర్థం కాదన్నారు. భద్రమైన ఇల్లు కావలసిన పిల్లల్లో ఎక్కువమందికి మేలు అందేలా ప్రభుత్వం ఏ దారినీ ముందే మూసేయకూడదన్నారు. ఆ దారి తెరుచుకునేదాకా మీరు కూర్చోలేరు కాబట్టి, చేతిలో ఉన్నవాటితో పని కానిద్దాం.

తను వెంటనే వీలునామా రాయాలి. తన తర్వాత పాపకి గార్డియన్‌గా మీరు ఉండాలని అందులో పేరుతో సహా స్పష్టంగా ఉండాలి. ఆస్తి సంగతి కూడా అందులోనే రాయవచ్చు. గార్డియన్ని వీలునామాలో నియమించే వీలు 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ఉంది. ఆ చట్టంలోనే పిల్ల క్షేమం అన్నింటికన్నా మీదని కూడా ఉంది కాబట్టి, వీలునామా ఉంటే చాలు ఇక ఎవరూ అడగరని నేను చెప్పను. తను పోయాక మీరు ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో గార్డియన్‌షిప్ పిటిషన్ వేసుకోవాలి. ఆ రోజు అన్నయ్యగారూ వేస్తారనుకోండి. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం జడ్జి చూసేవాటిలో రక్తసంబంధం ఒకటి. అందులో ఆయనదే పైచేయి. అదే సెక్షన్లో చనిపోయిన తల్లి కోరిక ఉంది. పిల్లకీ గార్డియన్‌గా ఉంటానన్న మనిషికీ అప్పటిదాకా ఉన్న సంబంధం ఉంది. పిల్లకి ఊహ తెలిసి ఉంటే ఆమె ఇష్టమూ ఉంది. ఇవి మీ వైపు. వీలునామా లేకపోతే తల్లి కోరిక ఏమిటో చెప్పే కాగితమే ఉండదు.

అందుకే ఇప్పటి నుంచే స్కూలు ఫీజు రసీదుల్లో కొన్ని మీ పేరు మీద ఉండేలా చూసుకోండి. స్కూలు రికార్డులో తల్లి రాసిచ్చిన లేఖతో మీ పేరు ఎక్కించండి. తను లేనప్పుడు పాప వైద్యానికి సంతకం పెట్టే అధికారం మీకు ఇస్తున్నట్టు నోటరీ చేయించిన లేఖ ఒకటి ఎప్పుడూ బ్యాగులో ఉంచుకోండి. అన్ని ఆసుపత్రులూ దానికి తల ఊపుతాయని హామీ లేదు. అయినా రాత్రిపూట పిన్నినని అబద్ధం చెప్పడంకన్నా అది నయం. ఆ అబద్ధం రేపు గార్డియన్‌షిప్ కేసులో మీకే ఎదురు తిరుగుతుంది, ఇంకెక్కడా చెప్పకండి.

బీమా దగ్గర చాలామంది ఒకటి మరిచిపోతారు. తన పాలసీల్లో పాప నామినీ అయితే, మైనరు కాబట్టి డబ్బు అందుకునే అపాయింటీ పేరు రాయాలి. అక్కడ అన్నయ్యగారి పేరు ఉందేమో ఇవాళే చూడండి. మీ ఆస్తిలో పాపకి సహజంగా వచ్చే వాటా ఏమీ లేదు కాబట్టి మీరూ వీలునామా రాయాలి. ఇద్దరూ జాయింట్ అకౌంటు తెరిచి ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు. దానికి అడ్డు లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది.

ఒక్క విషయం మీరు రాయలేదు. దత్తత ముందు ఇంటికొచ్చి చేసిన హోమ్ స్టడీలో మీ సంగతి ఏమని చెప్పారు? సహజీవనంలో ఉన్న ఒంటరి దరఖాస్తుదారులకి దత్తత ఇవ్వకూడదని కారా చెప్పింది 2022 జూన్‌లో. మీ ఉత్తర్వు అంతకుముందుది, కాబట్టి అది మీకు అడ్డు కాకూడదు. అయినా అన్నయ్యగారి లాయరు మొదట వెతికేది ఆ రిపోర్టునే. అందులో ఏముందో మీ లాయరుకి ఉన్నదున్నట్టు చెప్పండి. కోర్టు ఉత్తర్వుకి సర్టిఫైడ్ కాపీలు రెండు తీయించి, ఒకటి ఇంట్లో, ఒకటి బ్యాంకు లాకరులో పెట్టండి. వీలునామా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ మీ కేసులో సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి చేయించమంటాను. సాక్షులు ఇద్దరు కావాలి, వాళ్లలో మీరు ఉండకండి. తనని బాగా ఎరిగిన సహోద్యోగులో, ఫ్యామిలీ డాక్టరో అయితే రేపు కోర్టుకి వచ్చి మాట చెప్పడానికి వెనకాడరు.