నాన్నగారికి ఎక్మో పెట్టాలంటున్నారు, ఒప్పుకోవచ్చా?

మీ నాన్నగారికి 56 ఏళ్లు, న్యుమోనియాతో ఐదు రోజులుగా వెంటిలేటర్ మీద ఉన్నారు, ఊపిరితిత్తుల పని బయటినుంచి చేసే ఆ ఎక్మో మెషిన్ పెడితే ఎవరూ బతకరట కదా అని మీరు అడిగారు. 2021 మేలో మా తమ్ముడికి కోవిడ్ ముదిరినప్పుడు మా ఇంట్లోనూ ఇదే మాట. ముందు ఏడాదే గాయకుడు ఎస్పీ బాలుగారికి చెన్నైలో ఎక్మో పెట్టడం, సెప్టెంబర్ 25న ఆయన పోవడం అందరి మనసులో ఉంది, అమ్మ అయితే ఎక్మో పేరు ఎత్తితేనే ఏడ్చేసేది. తమ్ముడు 17 రోజులు దాని మీదే ఉండి బతికాడు. అందరూ బతుకుతారని మాత్రం చెప్పను, పక్క బెడ్ అతను మా కళ్ల ముందే పోయాడు.

ఎక్మో జబ్బు నయం చేయదండి, టైమ్ ఇస్తుంది అంతే. తొడ దగ్గర, మెడ దగ్గర పెద్ద నరాల్లోకి చిటికెన వేలంత లావు గొట్టాలు వేసి నిమిషానికి నాలుగైదు లీటర్ల రక్తం బయటికి తీస్తారు, మెషిన్ దానికి ఆక్సిజన్ ఎక్కించి మళ్లీ లోపలికి పంపుతుంది, ఈలోగా ఊపిరితిత్తులు కోలుకోవాలి. అందుకే డాక్టరుగారిని మొట్టమొదట అడగాల్సింది ఇదే: ఊపిరితిత్తులు కోలుకుంటాయనే నమ్మకం మీకుందా? కోలుకోకపోతే తర్వాత ఏంటి? గుండె కూడా దెబ్బతిందంటే ఒక గొట్టం ధమనిలో వేస్తారు, అప్పుడు ఆ కాలికి రక్తం తగ్గొచ్చు, పాదం చల్లబడిందేమో రోజూ కనుక్కోండి.

నన్ను పీపీఈ కిట్ వేయించి లోపలికి పంపిన రోజు చూశాను, ఒక గొట్టంలో రక్తం నేరేడుపండు రంగులో వెళ్తోంది, రెండో దాంట్లో మందారంలా ఎర్రగా తిరిగొస్తోంది. ఒక సిస్టర్ టార్చ్ వేసి, రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే ఆ ఆక్సిజనేటర్‌ని మూలమూలా చూస్తోంది, గడ్డలు కడుతున్నాయేమోనని. గడ్డ కట్టకుండా హెపారిన్ ఇస్తారు, దాంతో ఎక్కడైనా రక్తస్రావం అయితే ఆపడం కష్టం, మా వాడికి ముక్కులోంచి రెండు రోజులు కారింది. రక్తం ఇచ్చేవాళ్లని ఇప్పుడే పిలిచి పెట్టుకోండి.

పెట్టాలనే అనుకుంటే ఆలస్యం మాత్రం వద్దు, వెంటిలేటర్ మీద వారం దాటాక ఫలితం తగ్గుతుందని మాకు చెప్పారు. మొదట చేర్చిన ఆస్పత్రివాళ్లు తమ దగ్గర ఆ మెషిన్ లేదని మూడు రోజులు నోరు విప్పలేదు, ఆ కోపం నాకింకా పోలేదు. కాబట్టి అక్కడ ఎంతమందికి పెట్టారో, రాత్రుళ్లు ఆ మెషిన్ చూసుకునే పెర్ఫ్యూజనిస్ట్ ఉంటారో లేదో మొహమాటం లేకుండా అడగండి. ఖర్చు లక్షల్లో ఉంటుంది, పెట్టేటప్పుడు ఎంత, తర్వాత రోజుకి ఎంత అని విడివిడిగా రాయించుకోండి.

ఇంకొకటి, ఏ పరిస్థితి వస్తే తీసేస్తారో కూడా ఇప్పుడే, అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. మేం అడగలేదు. పన్నెండో రోజు రాత్రి ఆ మాట కారిడార్‌లో నిలబడి మాట్లాడుకోవాల్సి వచ్చింది.