శూన్యాల్లోని గెలాక్సీలు నీలంగా ఉండటానికి కారణం శూన్యమేనా?

విశ్వశూన్యాల్లోని (గెలాక్సీలు చాలా అరుదుగా ఉండే విశాల ప్రాంతాల్లోని) గెలాక్సీలు మిగతావాటికన్నా నీలంగా, నక్షత్రాలను చురుకుగా పుట్టిస్తున్నట్టుగా మీ పట్టికలో కనిపిస్తున్నాయనీ, అది శూన్యం ప్రభావమేనా అనీ అడిగారు. ముందుగా నక్షత్ర ద్రవ్యరాశిని సరిచూడండి. శూన్యాల్లో తక్కువ ద్రవ్యరాశి గల సర్పిలాకార గెలాక్సీలే ఎక్కువ. అలాంటివి ఎక్కడున్నా సాధారణంగా నీలంగానే ఉంటాయి కనుక, అదే ద్రవ్యరాశీ అదే ఆకృతీ ఉన్న గెలాక్సీలను తంతువుల (గెలాక్సీలు దట్టంగా బారులు తీరిన ప్రాంతాల) నుంచి ఎంచుకుని పోల్చనిదే ఆ తేడాను శూన్యానికి ఆపాదించలేం.

అసలు చిక్కు మీరు వాడిన స్లోన్ సర్వే వర్ణపటాల్లో ఉంది. అందులో గెలాక్సీ కాంతిని సేకరించే ఫైబర్ వ్యాసం ఆకాశంలో 3 ఆర్క్‌సెకన్లు, 0.03 రెడ్‌షిఫ్ట్ (గెలాక్సీ దూరాన్ని సూచించే కొలత) దగ్గర అది సుమారు 1.8 కిలోపార్సెక్‌లే (దాదాపు 6 వేల కాంతి సంవత్సరాలు), అంటే మీకు అందింది కేంద్రభాగం మాత్రమే. స్పెయిన్‌లోని కాలర్ ఆల్టో 3.5 మీటర్ల దూరదర్శినితో చేపట్టిన, శూన్యాల్లోని గెలాక్సీలను పరిశీలించే కావిటీ సర్వే సరిగ్గా ఈ లోటు తీర్చడానికే పుట్టింది: పీపాక్ పరికరంలోని 331 ఫైబర్లు గెలాక్సీ అంతటా ఒకేసారి వర్ణపటాలు తీస్తాయి. విడుదలైన ఆ డేటాలో కేంద్రం నుంచి దూరాలను అర్ధకాంతి వ్యాసార్ధంతో (గెలాక్సీ కాంతిలో సగం ఇమిడే వ్యాసార్ధంతో) భాగించి, కొత్త నక్షత్రాల పుట్టుకను సూచించే హైడ్రోజన్ ఆల్ఫా రేఖ బలాన్ని వలయాలవారీగా కొలవండి. అంచుల్లో సంకేతం బలహీనం కాబట్టి అక్కడి పిక్సెళ్లను వొరొనోయ్ పద్ధతిలో (సంకేతం చాలినంత అయ్యేలా పక్కపక్క పిక్సెళ్లను గుంపులు కట్టే పద్ధతిలో) కలిపాకే కొలవడం మంచిది.